డాలు ఉంటే చాలదు, మంట ఎక్కడ పుట్టిందో చూడాలి

హనుమకొండలో మేం డంజన్స్ అండ్ డ్రాగన్స్ (తలా ఒక పాత్ర తీసుకుని పాచికలతో నడిపే సాహస కథల ఆట) ఆడే టేబుల్ దగ్గర కొత్తగా చేరిన ప్రతివాళ్లూ ఎప్పుడో ఒకప్పుడు అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "అన్నా, చేతిల గింత పెద్ద డాలు వట్టుకున్న. ఫైర్‌బాల్ వస్తే అడ్డం వెట్టుకోనా? నాకు రెండు పాయింట్లు ఎందుకియ్యవు?" ఫైర్‌బాల్ అంటే ఒక బిందువు దగ్గర పేలి చుట్టూ మంట లేపే మంత్రం. అడిగేది ఎక్కువగా ఫైటర్, పాలడిన్ లాంటి యోధుల పాత్రలు ఆడేవాళ్లు. వాళ్ల బాధలో న్యాయం ఉంది. రెండో చేత్తో ఇంకో కత్తి పట్టే అవకాశం వదులుకుని, పెద్ద ఆయుధం వదులుకుని డాలు తీసుకున్నారు. మంత్రగాడు వేలు చూపిస్తే ఆ డాలు లేనట్టే అయిపోతుంది.

అయినా మంట తప్పించుకోవడానికి వేసే పాచికకు ఆ రెండు పాయింట్లు ఊరికే ఇవ్వకూడదని నా వాదన. అంతకన్నా గట్టిగా చెప్పాల్సింది ఇంకోటి ఉంది. డాలు గురించి ఇంత కొట్లాడే మనం, రూల్ ప్రకారం నిజంగా రావాల్సిన చాటు బోనస్‌ను (ఏదైనా అడ్డం వెనక ఉంటే కలిసే అంకెను) టేబుల్ మీద దాదాపు ఎప్పుడూ లెక్కలోకి తీసుకోం. ఆటగాడికి జరిగే అసలు అన్యాయం అక్కడ ఉంది.

ముందు రూల్ చూద్దాం. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌లో, అంటే 2014లో వచ్చినదాంట్లో, డాలు ఆర్మర్ క్లాస్‌కు (దెబ్బ తగలాలంటే శత్రువు పాచిక చేరాల్సిన అంకెకు) 2 కలుపుతుంది. కత్తి దెబ్బకు, బాణానికి, గురిచూసి విసిరే మంత్రానికి ఆ 2 పనికొస్తుంది. ఫైర్‌బాల్ ఆర్మర్ క్లాస్ జోలికే పోదు. ఆ జాగాలో ఉన్న అందరినీ డెక్స్‌టరిటీ సేవ్, అంటే చురుకుదనంతో దెబ్బ తప్పించుకునే పాచిక, వేయమంటుంది. సేవ్‌కు డాలు ఏమీ కలపదు, చాటు మాత్రం కలుపుతుంది. సగం ఒళ్లు దాగే చాటు ఉంటే ఆర్మర్ క్లాస్‌కూ డెక్స్‌టరిటీ సేవ్‌కూ చెరో 2, ముప్పావు వంతు దాగితే చెరో 5. ఒళ్లంతా దాగితే మంట పుట్టిన చోటు నుంచి మీదాకా అడ్డు లేని సరళరేఖ ఒక్కటీ ఉండదు కాబట్టి, మంత్రం మూలలు తిరిగేది కాకపోతే, మీరు దాని పరిధిలోకే రారు.

ఆటగాళ్లకు కోపం తెప్పించేది దీని తర్వాతి మాట. సగం చాటు ఇచ్చేవాటిలో పొట్టి గోడ, పెద్ద బల్ల, సన్నటి చెట్టుతో పాటు ఇంకో ప్రాణి కూడా ఉంది. మిత్రుడైనా శత్రువైనా సరే. అంటే మంటకూ మీకూ మధ్య మీ దోస్తు నిలబడితే మీ సేవ్‌కు 2 వస్తుంది. మీ చేతిలోని డాలుకు సున్నా. వినగానే ఎవరికైనా ఇది తలకిందుల లెక్కలాగే అనిపిస్తుంది.

నాకు అలా అనిపించదు. చాటు ఒక దిక్కుకు సంబంధించిన విషయం. దెబ్బ ఒక వైపు పుట్టాలి, మీరు ఇంకో వైపు ఉండాలి, మధ్యలో ఏదో అడ్డం నిలవాలి. రూల్ కూడా ఇదే అంటుంది: దెబ్బ చాటుకు అవతలి వైపు నుంచి వచ్చినప్పుడే చాటు లెక్క. డాలు ఇచ్చే 2కు దిక్కు లేదు. ఐదో ఎడిషన్‌లో మీ బొమ్మ ఎటు చూస్తోందో ఎవరూ రాసుకోరు. ఆ 2 ముందు నుంచి వచ్చే కత్తికీ, వెనక నుంచి వచ్చే కత్తికీ ఒకేలా పనిచేస్తుంది. కత్తి విషయంలో అది ఒప్పుకోదగ్గదే, ఎందుకంటే కొట్లాటలో మనిషి తిరుగుతూ ఉంటాడు, డాలు తిప్పుతూ ఉంటాడు. అదే 2ను ఫైర్‌బాల్ సేవ్‌కు కలిపామంటే, వీపు వెనక పేలిన మంటను కూడా ఛాతీ ముందున్న డాలు ఆపినట్టు అవుతుంది. తెలంగాణ ఊళ్లలో కనిపించే వీరగల్లులను చూడండి. చాలావాటి మీద వీరుడి చేతిలో కత్తి, డాలు ఉంటాయి. ఆ డాలు ఎంత ఉంటుంది? ఛాతీని కాస్తుంది. నలుదిక్కులా మంట లేస్తే అది కాళ్లను కాయగలదా?

అందుకే ఏరియా మంత్రం (ఒక జాగా మొత్తాన్ని తాకేది) పడినప్పుడు డీఎం, అంటే ఆట నడిపే మనిషి, ముందు అడగాల్సింది, ఇది ఎక్కడ పుట్టింది అని. "నీ దగ్గర ఏముంది?" అనేది ఆ తర్వాతి సంగతి. ఈ ఒక్క అలవాటు వస్తే ఆట ఎంత మారుతుందో చెబుతాను.

లైట్నింగ్ బోల్ట్ తీసుకోండి. 100 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు ఉన్న గీత. పుట్టేది మంత్రగాడి దగ్గరే. బర్నింగ్ హ్యాండ్స్ 15 అడుగుల కోన్ (శంకువు ఆకారం), అదీ మంత్రగాడి చేతుల నుంచే. డ్రాగన్ ఊపిరీ అంతే. ఇవన్నీ మీకు కనిపించే చోటు నుంచి, తెలిసిన దిక్కు నుంచి వస్తాయి. కాబట్టి ముందు వరుసలో నిలబడ్డ ఫైటర్ వెనకాల ఉన్నవాళ్లకు నిజంగా చాటు ఇస్తున్నాడు. ఇరుకు సొరంగంలో నలుగురు ఒకరి వెనక ఒకరు నడుస్తుంటే, మెరుపు గీత నలుగురినీ తాకుతుంది. మొదటివాడు మామూలు సేవ్ వేస్తాడు, వెనకున్న ముగ్గురూ 2 కలుపుకుని వేయాలి. రూల్ ప్రకారం అది వాళ్ల హక్కు. నేను ఇతర టేబుళ్ల దగ్గర చూసినంతలో ఈ 2ను అడిగినవాళ్లు లేరు, ఇచ్చినవాళ్లూ లేరు. "అందరూ సేవ్ వేయండి" అనే మాటతో అది కొట్టుకుపోతుంది.

ఫైర్‌బాల్ అలా కాదు. మంత్రగాడు 150 అడుగుల లోపు తనకు నచ్చిన బిందువు ఎంచుకుంటాడు. అక్కడి నుంచి 20 అడుగుల వ్యాసార్ధంతో మంట లేస్తుంది. అంటే అడ్డంగా 40 అడుగులు. మన దగ్గర వెంచర్లలో నలభై ఫీట్ల రోడ్డు అంటారు కదా, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా అంత. ఆ బిందువు నేల మీదే ఉండాలని ఎక్కడా లేదు. మీరు నడుమెత్తు గోడ వెనక నక్కితే, తెలివైన మంత్రగాడు బిందువును మీ నెత్తి మీద 10 అడుగుల ఎత్తున పెడతాడు, గోడ పనికిరాకుండా పోతుంది. మీ వెనక పెడితే, మీరు ఎవరి వెనకైతే దాక్కున్నారో ఆ దోస్తుకు మీరే చాటు అవుతారు. గోడ మొత్తంగా అడ్డం ఉండి అవతలి చోటు కనిపించకపోతే మాత్రం ఈ ఆట సాగదు. కనిపించని బిందువును ఎంచుకుంటే మంట గోడకు ఇవతలే పుడుతుంది.

ఈ తేడా పుట్టుక నుంచే ఉంది. ఈ ఆటకు మాతృక, గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ 1971లో రాసిన చెయిన్‌మెయిల్ అనే బొమ్మల యుద్ధ నియమాల్లో మంత్రగాడి ఫైర్‌బాల్ దెబ్బకు కొలత ఏమిటంటే, రాళ్లు విసిరే పెద్ద యంత్రం దెబ్బ తగిలే జాగా. మెరుపుకు కొలత ఫిరంగి. ఒకటి పైనుంచి వచ్చి పడేది, ఒకటి ఎదురుగా దూసుకొచ్చేది. తర్వాత యాభై ఏళ్లలో ఎన్ని ఎడిషన్లు వచ్చినా ఏరియా మంత్రాల్లో ఈ రెండు జాతులూ అలాగే ఉన్నాయి. డాలు ప్రశ్నకు ఒక్క జవాబు దొరకకపోవడానికి కారణం ఇదే. ఫిరంగి ముందు అడ్డం పెట్టుకున్న వస్తువు గురించి మాట్లాడొచ్చు. పైనుంచి పడే బండ ముందు డాలు గురించి ఏం మాట్లాడతాం?

మన ఓరుగల్లు కోటకు కొత్త ఆటగాళ్లను తీసుకెళ్లడం నాకు ఇష్టం. చాటు అంటే ఏమిటో అక్కడ నిలబడితే కళ్లకు కనిపిస్తుంది. లోపల రాతి కోట, దాని చుట్టూ కందకం, ఇంకా బయట మట్టి కోట. 1310లో మాలిక్ కాఫర్ సేన ప్రతాపరుద్రుడి మీదికి వచ్చినప్పుడు మొదట ఎదురైంది ఆ మట్టి గోడే. ఆ దాడిని వర్ణించిన అమీర్ ఖుస్రో, యంత్రాలు విసిరిన రాళ్లు కూడా దానికి తగిలి వెనక్కి ఎగిరిపోయేంత గట్టిదని రాశాడు. రాతి కోట దర్వాజాల దగ్గర చూడాల్సింది ఇంకోటి ఉంది. లోపలికి నేరుగా దూసుకుపోయే దారి ఉండదు, మలుపు తిరగాలి. శత్రువు పరుగు ఆగిపోవాలని, ఏనుగు ఊపు తగ్గిపోవాలని అలా కట్టారు. ఆ మలుపు దగ్గర నిలబడి నేను ఆటగాళ్లను అడుగుతాను: ఫైర్‌బాల్ ఇక్కడ, ఈ బయటి వైపు పేలితే, మూల తిరిగి నిలబడ్డ నువ్వు కాలుతావా?

జవాబు మీరు ఏ ఎడిషన్ ఆడుతున్నారు అన్నదాని మీద ఉంటుంది. 1978 నాటి అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఫైర్‌బాల్ సుమారు 33,000 ఘనపుటడుగుల మంట. ఇరుకు చోట పేలితే ఆ మంట చోటు వెతుక్కుంటూ నడవల్లోకి పారుతుంది, వేసినవాడి మీదికే రావచ్చు. మన దర్వాజా మలుపులో పేలితే రెండు వైపులా తన్నుకొస్తుంది. 2003 నాటి 3.5 ఎడిషన్‌లో దీనికి శుభ్రమైన భాష దొరికింది. పేలి నేరుగా వెళ్లేవి కొన్ని, పాకుతూ మూల తిరిగేవి కొన్ని. ఫైర్‌బాల్ రెండో రకం. అది మూల తిరిగి వస్తుంది కాబట్టి చాటు ఇచ్చే బోనస్‌ను కొట్టేస్తుందని కూడా స్పష్టంగా చెప్పారు. 2014లో "మంట మూలలు తిరుగుతుంది" అనే మాట మిగిలింది, చాటును కొట్టేస్తుందనే మాట పోయింది. అందుకే మూల వెనక ఉన్నవాడికి మంట తగులుతుందని ఒప్పుకుంటూనే 5 ఇవ్వాలా వద్దా అని గంటలు గంటలు వాదించుకున్నాం. 2024 పుస్తకంలో ఫైర్‌బాల్ నుంచి మూలలు తిరిగే మాటే తీసేశారు.

చాలామంది పాత ఆటగాళ్లకు ఈ మార్పు నచ్చలేదు. మంట నీళ్లలా పారాలి, అదే నిజం అంటారు. నాకు మాత్రం 2024 పద్ధతే మేలనిపిస్తుంది. కట్టిన మలుపుకు విలువ ఉండాలి. ఆటగాడు మ్యాప్ చూసి, ఆలోచించి, మూల వెనక నిలబడ్డాడంటే ఆ నిర్ణయానికి ఫలితం దక్కాలి. పాకే స్వభావం క్లౌడ్‌కిల్ లాంటి పొగ మంత్రాలకు ఉంటే చాలు. దానికి వేసేది ఎటూ కాన్‌స్టిట్యూషన్ (ఒంటి దిటవు) సేవే. ఊపిరి మీద వచ్చే దెబ్బకు గోడ చాటు బోనస్ ఇవ్వదు, డాలు అంతకన్నా ఇవ్వదు. ఇక్కడ ఎవరికీ పేచీ లేదు కూడా.

ఇక లెక్కకు వద్దాం, ఎందుకంటే కొట్లాట అంతా ఆ 2 గురించే. ఫైర్‌బాల్ 8 ఆరు ముఖాల పాచికలు, సగటు 28. సేవ్ గెలిస్తే 14. ఇరవై ముఖాల పాచిక మీద 2 అంటే గెలిచే అవకాశం వందకు 10 పెరగడం. అంటే సగటున మీకు తగ్గే దెబ్బ 1.4. ముప్పావు చాటు ఇచ్చే 5 అయితే 3.5. షీల్డ్ మాస్టర్ అనే ఫీట్ (పాత్ర ఎంచుకునే ప్రత్యేక నైపుణ్యం) తీసుకున్నవాడు రియాక్షన్ (ఎదుటివాళ్ల చర్యకు వెంటనే ఇచ్చే బదులు) వాడి, సేవ్ గెలిస్తే దెబ్బ మొత్తం తప్పించుకుంటాడు. సేవ్ గెలిచే అవకాశం సగానికి సగం ఉన్నా సగటున 7 మిగులుతుంది. అంటే డాలుతో మంటను ఎదుర్కొనే దారి రూల్‌లోనే ఉంది, ఊరికే ఇచ్చే 2 కన్నా ఐదు రెట్లు బలంగా ఉంది. దానికి ఒక ఫీట్ ఖర్చు పెట్టాలి, రియాక్షన్ ఖర్చు పెట్టాలి. 2 అందరికీ ఉచితంగా పంచితే, ఆ ఫీట్ తీసుకున్నవాడి త్యాగం చిన్నబోతుంది.

ఫీట్ లేనివాడి సంగతి? డాడ్జ్ యాక్షన్ ఉంది. ఆ టర్న్‌లో దాడి మానుకుని డాడ్జ్ చేస్తే డెక్స్‌టరిటీ సేవ్ రెండుసార్లు వేసి మంచిది తీసుకోవచ్చు. పాచిక మీద 11 పడితే గెలుస్తాడనుకుంటే, 50 శాతం 75 అవుతుంది. ముప్పావు చాటు ఇచ్చే లాభం కూడా సరిగ్గా అంతే. డాలు వెనక ముడుచుకుని కూర్చోవడం అంటే నా దృష్టిలో ఇదే. కాబట్టి "అన్నా, డాలు అడ్డం వెట్టుకుంట" అన్న కుర్రాడికి నేను చెప్పేది: "వెట్టుకో తమ్మీ, డాడ్జ్ చెయ్యి. మరి ఈ టర్న్‌ల కత్తి ఎత్తొద్దు."

నాకు ఎదురుగా నిలబడే గట్టి ఉదాహరణ నాలుగో ఎడిషన్. 2008లో వచ్చిన ఆ ఎడిషన్‌లో డాలు ఆర్మర్ క్లాస్‌తో పాటు రిఫ్లెక్స్‌కూ (చురుగ్గా తప్పించుకునే రక్షణ అంకెకూ) కలిసేది. చిన్న డాలు 1, పెద్దది 2. మంట మంత్రాలు చాలావరకు రిఫ్లెక్స్ మీదికే వచ్చేవి. ఆట అక్కడ ఏమీ పాడవలేదు, అది నిజం. కానీ ఆ ఆటలో లెక్కలన్నీ మొదటి నుంచీ ఆ అంకెను కలుపుకునే వేశారు. ఐదో ఎడిషన్‌లో అలా వేయలేదు. వేరే ఇంటి తలుపు తెచ్చి మన చౌకట్టుకు బిగించలేం.

పాత్‌ఫైండర్ అనే ఇలాంటి ఇంకో ఆట వాళ్లు వేరే దారిలో ఆలోచించారు. 2019 నాటి రెండో ఎడిషన్‌లో డాలు ఎత్తడానికే ఒక యాక్షన్ కావాలి, ఎత్తినా అది ఆర్మర్ క్లాస్‌కే. గోడ లాంటి మామూలు చాటు ఏరియా మంత్రాల మీద రిఫ్లెక్స్ సేవ్‌కు 2 ఇస్తుంది. మధ్యలో నిలబడ్డ మనిషి మాత్రం ఆర్మర్ క్లాస్‌కు 1 ఇచ్చి ఊరుకుంటాడు, మంట నుంచి కాపాడడు. దోస్తు ఒంటికి 2, నా డాలుకు సున్నానా అనే ఫిర్యాదు అక్కడ పుట్టనే పుట్టదు. నాకు అన్నిటికన్నా నచ్చింది పాత్‌ఫైండర్ మొదటి ఎడిషన్‌లోని టవర్ షీల్డ్ రూల్. దాడులు మానుకుని దాన్ని అడ్డం నిలిపితే, మ్యాప్ మీద మీరున్న గడి అంచుల్లో ఒకదాన్ని ఎంచుకోవాలి. ఆ అంచు మీ వరకు గోడ. మిగతా మూడు అంచులు ఖాళీ. డాలును చాటుగా మార్చాలంటే దానికి ఒక దిక్కు ఇవ్వాలన్న సంగతి ఇంత సూటిగా ఇంకే రూల్‌లోనూ నేను చూడలేదు.

ఆ ఆలోచన తీసుకునే మా టేబుల్‌కు ఒక రూల్ పెట్టాం. దాన్ని డాలు నాటడం అంటాం. పెద్ద డాలు ఉన్నవాడు తన యాక్షన్‌తో దాన్ని నేలకు ఆనించి, గడిలో ఒక అంచు చూపిస్తాడు. తన తర్వాతి టర్న్ దాకా కదలడు. ఆ అంచు దాటి వచ్చే దేనికైనా అతనికి ముప్పావు చాటు, సరిగ్గా వెనక గడిలో ఉన్నవాడికి సగం చాటు. డాలు మామూలుగా ఇచ్చే 2, ఈ 5 రెండూ కలపం. రెండు పనులూ చేసేది ఒకే డాలు కదా. మంట పుట్టిన బిందువు వేరే వైపు ఉంటే ఏమీ రాదు. తన ఒక్కడి కోసమే అయితే డాడ్జ్ చేసినా దాదాపు అంతే లాభం. వెనక ఉన్నవాడిని కూడా కాయాలనుకుంటేనే నాటడం అక్కరకొస్తుంది. ఒళ్లంతా కప్పే గోడలాగా దీన్ని మార్చమని అడిగారు, నేను ఒప్పుకోలేదు. అలా చేస్తే ప్రతి టీమూ డాలు మోసేవాడిని ముందు పెట్టి ఏరియా మంత్రాలన్నిటినీ దాటేస్తుంది, మ్యాప్ చూడాల్సిన పనే ఉండదు.

యంగ్ రెడ్ డ్రాగన్ ముందు ఇది ఎలా నడుస్తుందో చూడండి. 30 అడుగుల కోన్, 16 పాచికలు, సగటు 56, సేవ్‌కు కనీసం 17 రావాలి. డెక్స్‌టరిటీకి 1 మాత్రమే కలిసే ఫైటర్ పాచిక మీద 16 పడితే గానీ గెలవడు, అంటే నాలుగింట ఒక వంతు. డాలు నాటితే అది సగానికి సగం అవుతుంది, సగటున 7 తగ్గుతుంది. వెనకున్న క్లెరిక్‌కు (పూజారి పాత్రకు) 2 వస్తుంది. ఇక డ్రాగన్ ఏం చేయాలి? ఎగురుతుంది. పక్కకు తిరిగి, డాలు లేని అంచు నుంచి ఊదుతుంది. అప్పుడు ఫైటర్ ఏ అంచు ఎంచుకున్నాడు, క్లెరిక్ గోడకు ఎంత దగ్గరగా నిలబడింది, పైకప్పు ఎంత ఎత్తు అన్నవన్నీ ప్రాణం మీదికి వచ్చే ప్రశ్నలవుతాయి. టేబుల్ చుట్టూ ఉన్నవాళ్లంతా కుర్చీల్లోంచి ముందుకు వంగి మ్యాప్ చూస్తారు. ఆ టెన్షన్ కోసమే కదా ఆడుతున్నాం.

డీఎంలను నేను అడిగేది చిన్న పని. సేవ్ వేయమనే ముందు మంట పుట్టిన బిందువు మీద ఒక రూపాయి బిళ్ల పెట్టండి. అక్కడి నుంచి ఒక్కొక్కరి గడి నాలుగు మూలలకూ గీతలు ఊహించండి. ఒకటో రెండో గీతలకు అడ్డం తగిలితే 2, మూడో నాలుగో అయితే 5. అలవాటయ్యాక ఒక్కో మనిషికి కొన్ని క్షణాలే పడుతుంది. గోబ్లిన్లకూ ఇదే లెక్క వేయండి. బురుజు మీద పిట్టగోడ వెనక నిలబడ్డ విలుకాళ్లకు కింద నుంచి వచ్చే మంట మీద 5 ఇవ్వండి, మీ టీమ్‌లోని మంత్రగాడు బిందువును గోడ పైకి జరిపేదాకా.